పచ్చడి పోసిన గుంట

మా వీధి చివర పడే చెత్త ఎవరిదని అడిగితే ఒక్కరూ తమదని ఒప్పుకోరు. దాన్ని తగలబెడితే వచ్చే పొగ ఎవరి ఇంట్లోకి పోతుందని అడిగితే మాత్రం చంటిపిల్లలు కూడా చెయ్యి చాపి చూపిస్తారు. వెనక వీధి మొదటి ఇల్లు.

ఆ ఇంటికీ మా వీధి చివరి ఖాళీ స్థలానికీ నడుమ ఒక్క గోడే అడ్డం. స్థలం మున్సిపాలిటీది. అక్కడ ఒకప్పుడు పార్కు వస్తుందన్నారు, తరవాత మంచినీళ్ల ట్యాంకు వస్తుందన్నారు. రెండూ రాలేదు, మా చెత్త వచ్చింది. అట్లాగని ఊళ్లో చెత్త బండి లేక కాదు. పొద్దున్నే వస్తుంది, గుమ్మం గుమ్మానికీ ఈల వేస్తుంది. కానీ బకెట్టు పట్టుకుని వాకిట్లో నిలబడటం మావాళ్లకు నామోషీ. మిగిలిన అన్నం, కూర, తొక్కలు, పాల ప్యాకెట్లు అన్నీ ఒకే కవరులో కుక్కి, మూతి ముడేసి, స్కూటరు మీద పోతూ పోతూ అక్కడికి విసిరేస్తారు. సాయంత్రానికి కుప్ప కంపు కొడుతుంది. కంపు భరించలేమంటూ ఎవరో ఒకరు అగ్గిపుల్ల గీస్తారు. తడిది కాబట్టి మండదు, రాజుకుంటుంది. పసుపుపచ్చగా, జిడ్డుగా, నేలబారుగా పాకే పొగ. సాయంత్రం గాలి మాకు తూర్పు నుంచి వస్తుంది. తూర్పున కుప్ప, పడమర ఆ ఇల్లు.

ఆ ఇంట్లో ఉండే మనిషికి నలభై దాటాయి కానీ నాకు మాత్రం అమ్మాయే. నేనూ ఆమె అత్తగారూ ఒకే పట్టా మీద కూర్చుని కోల్డ్ స్టోరేజీ దగ్గర మిరపకాయలకు ముచ్చికలు తీసినవాళ్లం. పొద్దుట కూర్చుంటే గోళ్ల సందుల్లో మంట సాయంత్రానికి మోచేతులదాకా పాకేది. ఆ అత్తగారు కాలం చేశాక కోడలొచ్చి ఆమె చోట్లో కూర్చుంది. నడుం పోయి నేను మానుకున్నాను, ఆ అమ్మాయి ఇంకా పోతూనే ఉంది. ఆమె మొగుడు మిర్చి యార్డులో బస్తాలు మోసిన మనిషి. ఏళ్ల తరబడి ఆ ఘాటు పీల్చి పీల్చి ఊపిరితిత్తులు పాడు చేసుకున్నాడు. మందు పీల్చే గొట్టం ఎప్పుడూ చొక్కా జేబులోనే ఉంటుంది.

ఒక సాయంత్రం మా పెరటి మునక్కాడలు నాలుగు ఇద్దామని వాళ్లింటికి వెళ్లాను. అప్పుడే ఎండలు మొదలైన రోజులు. తలుపు బిగించి ఉంది, కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కి ఉన్నాయి. తట్టగానే ఆ అమ్మాయి నన్ను చెయ్యి పట్టి లోపలికి లాగి మళ్లీ తలుపు మూసేసింది. ఆమె మొగుడు మంచం మీద ముందుకు వంగి, మోకాళ్ల మీద చేతులు ఆన్చి, ఒక్కో ఊపిరినీ బావిలోంచి చేదినట్టు చేదుతున్నాడు. మాట రాదు. కూర్చోమని కళ్లతో సైగ చేశాడు.

"పొగ తాగటం మానమన్నాడు పిన్నమ్మా డాక్టరు," అంది ఆ అమ్మాయి. "ఈయన బీడీ ముట్టి ఎరగడు. మీ వీధోళ్లే రోజూ తాగిస్తన్నారు."

నేను మునక్కాడలు అక్కడ పెట్టి ఇంటికొచ్చాను. ఒక మనిషి ఊపిరాడక కొట్టుకుంటూ ఉంటే, గోడ ఇవతల మేము వాకిళ్లు కడిగి, ముగ్గులేసుకుని, మా వీధి ఎంత శుభ్రమో అని చెప్పుకుంటున్నాం.

తడి చెత్తను ఎరువు చెయ్యొచ్చన్న సంగతి వార్డు సచివాలయంలో పనిచేసే పిల్ల ఎత్తింది. ఫోనులో వీడియో చూపించి, "గుంట తీసి పొర మీద పొర వెయ్యటమేనండీ, వాసన కూడా రాదు" అంది. చూస్తే నాకు నవ్వొచ్చింది. మా పుట్టింట్లో దొడ్డి వెనక పెంటపోగు ఉండేది, ఎండాకాలంలో దాన్ని బండ్లకెత్తి పత్తిచేలకు తోలేవాళ్లు. ఈ వీధిలో కూడా ఇంటింటా గేదెలున్న రోజుల్లో ఒక్క తొక్క బయటపడి ఎరగదు. బియ్యం కడుగు, గంజి, వంకాయ తొడిమలు, అరటి తొక్కలు అన్నీ కుడితి తొట్లోకే. గేదెలు పోయాయి, తొట్లు పోయాయి. తినేవాళ్లం మాత్రం ఉన్నాం, తొక్కలూ ఉన్నాయి.

ఖాళీ స్థలంలో గుంటలు తవ్వి, అందరి తడి చెత్తా అందులో వేస్తే కుప్ప ఉండదు, కుప్ప లేకపోతే అగ్గిపుల్ల ఉండదు. నాకు అర్థమైన లెక్క ఇంతే. ఇదే చెప్పుకుంటూ ఇల్లిల్లూ తిరిగాను. ఆఖరికి మా వీధి సంఘం పెద్ద దగ్గరికి వెళ్లాను. ఆయనకు రోడ్డు మీద ఎరువులు, పురుగుమందుల కొట్టు ఉంది. నన్ను పిన్నిగారూ అని నోరారా పిలుస్తాడు, ఎదుటి మనిషి చెప్పేది మాత్రం వినడు.

"మీకెందుకండీ పిన్నిగారూ ఈ పెంట పని? హాయిగా సీరియల్ చూసుకోండి."

"సీరియల్లో పొగ రాదయ్యా. గోడ అవతలికి వస్తోంది."

"ఈ సైన్సంతా మీకు అయిదో తరగతిలోనే చెప్పారా ఏంటి?" అని నవ్వాడు, నా చదువు అక్కడే ఆగిందని తెలిసి. కొట్లో ఉన్న రైతులు కూడా నవ్వారు.

నేనూ నవ్వాను. పని కావాలి కదా. చివరికి సరేనన్నాడు, ఒక షరతు పెట్టి. గుంటలు తమ ఇళ్ల వైపు ఉండకూడదు, ఆ చివరి గోడ పక్కనే తవ్వుకోవాలి. అంటే మళ్లీ ఆ అమ్మాయి ఇంటి పక్కనే. వెళ్లి ఆమెనే అడిగాను.

"తవ్వండి పిన్నమ్మా," అంది. "కంపొస్తే ముక్కు మూసుకుంటాం. పొగొస్తేనే ఈయన పోతాడు."

గుంటలు తవ్వింది వెనక వీధి మగవాళ్లు. మా వీధివాళ్లు గట్టు మీద నిలబడి ఇంకొంచెం లోతు, ఇంకొంచెం వెడల్పు అని చెప్పారు. ఆ తవ్వే చేతులు ఎవరివని ఆ రోజు ఒక్కరూ అడగలేదు. ఈ మాట గుర్తు పెట్టుకోండి అని చెప్పటం లేదు, నేను మరిచిపోలేకపోతున్నానని చెబుతున్నాను.

మూడు గుంటలు. ఒకటి నిండాక రెండోది. తడి చెత్త ఒక పొర, ఎండుది ఒక పొర, నడుమ పేడనీళ్లు, పైన గోనెపట్టా. ఎండు చెత్తకు లోటేముంది? వేపాకు రాలుతుంది, వేరుసెనగ పొట్టు దొరుకుతుంది, చిలకలూరిపేట రోడ్డు మీద జిన్నింగు మిల్లుల్లో దూది చెత్త కావలసినంత. పొద్దున్నే ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, చేతికర్ర పట్టుకుని గుంట పక్కన కూర్చునేదాన్ని. బకెట్టు వంచే ముందు కర్రతో కదిపి చూసేదాన్ని.

ఏమేం వచ్చేవో చెబితే నమ్మరు. అల్లం ముక్కలాగా ఉందేమిటా అని కదిపితే టీవీ రిమోటు. ఒక కోడలుపిల్ల చంటివాడి డైపరు తెచ్చి, "ఇది కూడా తడి చెత్తేగా అత్తయ్యగారూ" అంది. తడిదే, కాదనలేకపోయాను. ఇక చెంచాలైతే రోజూ. తిన్న కంచం చూసుకోకుండా దులిపేస్తే చెంచా కూడా పోతుంది. కడిగి, తీగకు గుచ్చి గోడమేకుకు వేలాడదీశాను. చెంచా నాదంటే మా ఇంట్లో అన్నం పారేస్తున్నామని ఒప్పుకున్నట్టే అని ఒక్కరూ వచ్చి అడగలేదు. మిట్టమధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు మాత్రం ఒక్కోటీ మాయమయ్యేది.

ఇవన్నీ నవ్వుకునే సంగతులే. నవ్వుకోలేనిది ఆ తరవాత వచ్చింది.

ఒక పొద్దుట ఆ అమ్మాయి పనికి పోతూ పోతూ తన బకెట్టు తెచ్చి గుంటలో వంచింది. ఉల్లిపొట్టు, టీపొడి, దోసకాయ చెక్కు, అంతే. అప్పుడే మా ఎదురింటావిడ కూడా వచ్చింది. తన బకెట్టు గాల్లోనే ఆపేసింది.

"అదేంటండీ పిన్నిగారూ, వాళ్లు కూడా ఇందులోనేనా?"

"మరెందులో?"

"ఏమోనండీ. వాళ్లకి వేరేగా ఉంటుందనుకున్నా."

బకెట్టు వంచకుండానే వెనక్కి తీసుకుపోయింది. సాయంత్రానికి ఆ ఎరువుల కొట్టాయన అరుగు మీద పంచాయితీ. ఎంగిలి కలుస్తుందన్నారు. దేవుడికి పెట్టిన పూలు వేస్తున్నాం కదా అన్నారు. వాళ్లు నీచు తింటారన్నారు. ఆ ఎరువు వేసి పెంచిన కొత్తిమీర రేపు చారులో ఎట్లా వేసుకుంటామన్నారు. కులం అన్న మాట మాత్రం ఒక్కరి నోటా రాలేదు. అది తప్ప అన్నీ అన్నారు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నీచా? ఆదివారం ఆదివారం మీ బకెట్లలోంచి కోడి ఎముకలు ఏరి అవతల పెడుతోంది ఎవరు? నేను కాదూ? నీ బకెట్లో నిన్న రొయ్యల పొట్టు ఉంది, చెప్పమంటావా అందరికీ?"

ఎదురింటావిడ తల తిప్పుకుంది.

"వీధిలో గేదెలున్నప్పుడు మా తొట్లో ఎవరు కుడితి పొయ్యలేదు? వెనక వీధివాళ్లు పోశారు, మీ అత్తలు పోశారు. గేదె అంతా కలిపి తాగింది. ఆ పాలు కాఫీలో కలుపుకుని తాగి పెరిగినవాళ్లేగా మీరంతా! బజార్లో కొనే వంకాయ ఎవరి పెంటలో కాసిందో అడిగే కొంటున్నారా?"

"ఆవేశపడకండి పిన్నిగారూ," అన్నాడు కొట్టాయన మెల్లిగా. "నాకేం పట్టింపుల్లేవు. జనం అంటున్నారు. జనం మాట కూడా చూడాలి కదా."

ఆ జనం ఎవరయ్యా అంటే చెప్పడు. అరుగు మీద ఉన్నవాళ్లందరి మొహాలూ చూశాను. ఒక్కొక్కరూ పక్కవాళ్లను చూస్తున్నారు.

వెనక వీధి బకెట్లను రానివ్వనని నా చేత అనిపించలేకపోయారు. కానీ సగం ఇళ్లు గుంటకు రావటం మానేశాయి. ఆ సగం ఇళ్ల కవర్లు మళ్లీ గోడ మూలకు చేరాయి. అగ్గిపుల్లా తిరిగొచ్చింది. పొగ సగమైంది, అంతే. సగం పొగకు మనిషి సగమే దగ్గుతాడా?

ఇట్లా ఈడుస్తూ ఈడుస్తూ ఉండగా మామిడికాయలు దిగాయి. మా వైపు ఆవకాయ పెట్టటమంటే ఇల్లంతా తిరగేయటమే. కారం కొట్టించటం, ఆవాలు ఎండబెట్టటం, కాయలు కొట్టించటం. అన్నిటికన్నా ముందు జాడీలు ఖాళీ చెయ్యాలి. కడిగి, ఎండలో బోర్లించి, తడి అన్నది లేకుండా తుడవాలి. కొత్తది కలిపిన పూట నుంచీ నిరుటి పచ్చడి మొహం ఎవరూ చూడరు. ఒకప్పుడు ఆ అడుగు పచ్చడి పనివాళ్ల గిన్నెల్లోకి పోయేది, పెద్ద మేలు చేసినట్టు. ఇప్పుడు వాళ్లు తీసుకోవటం మానేశారు, మంచి పని చేశారు. మరి ఆ పచ్చడంతా ఎక్కడికి పోవాలి?

ఆ రోజుల్లో నేను ఊళ్లో లేను. కూతురింట్లో పచ్చళ్లు పెట్టటానికి ఒంగోలు వెళ్లాను. తిరిగొచ్చి బస్సు దిగి వీధి మొదట్లో అడుగు పెట్టగానే తెలిసింది. అది కుళ్లు కంపు కాదు. పులుపు, ఘాటు, మురిగిన నూనె అన్నీ కలిసి ముక్కులో గుచ్చుకునే వాసన. సంచి ఇంట్లో కూడా పెట్టకుండా తిన్నగా స్థలం దగ్గరికే పోయాను.

గుంట చుట్టూ జనం. మానేసినవాళ్లు కూడా ఉన్నారు, చూడటానికి. గోనెపట్టా అంచుల దగ్గర, ఎరువులో చేరిన వానపాములు బయటికి పాకి వచ్చి, ఎర్ర తీగ ముక్కల్లా ఎండిపోయి ఉన్నాయి. కొట్టాయన చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. ఆయనకు ఎదురుగా ఆ అమ్మాయి. కబురు తెలిసి పని మధ్యలోనే వచ్చేసినట్టుంది, కొంగుకు ఇంకా మిరప దుమ్ము అంటుకునే ఉంది.

"రండి పిన్నిగారూ, సమయానికొచ్చారు," అన్నాడు. "మీరు వెనకేసుకొచ్చిన వాళ్ల నిర్వాకం చూడండి. స్టోరేజీలోంచి తాలుకాయలు, ముచ్చికలు మోసుకొచ్చి పోశారు. ఘాటు చూశారా? పెట్టుబడి పెట్టి పెంచిన గుంటలన్నీ నాశనం."

"నేను పొయ్యలేదండీ," అంది ఆ అమ్మాయి. "మా ఇళ్లోళ్లు ఎవరూ పొయ్యలేదు."

"మరి మిరపకాయల పనికి పోయేది మీరే కదమ్మా? మేం పోతున్నామా?"

నిజమే కదా అన్నారు చుట్టూ ఉన్నవాళ్లు. నాకు ఒళ్లు తెలియలేదు. ముచ్చికలు తీసి బతికినదాన్ని, నాకు చెబుతున్నాడు! సాయంత్రం గేటు దగ్గర కొంగు దులిపించి, చీర కుచ్చెళ్లు విదిలించమని చూసి మరీ బయటికి పంపుతారు. ఒక్క తొడిమ రానివ్వరు. బుట్టలకొద్దీ మోసుకొచ్చి పోశారట! ఇదే అనబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు పిన్నిగారూ, గొడవొద్దు. రేపు నాలుగు ట్రాక్టర్ల మట్టి తోలించి పూడ్పించేస్తాను. మాట్లాడేశాను కూడా."

పూడ్చేస్తాడట. పూడిస్తే మళ్లీ అందరి కవర్లూ గోడ మూలకే. మళ్లీ మొత్తం పొగ. ఆ అమ్మాయి నా వైపు చూసింది. గోడ అవతల దగ్గు వినిపిస్తూనే ఉంది.

"పూడ్చే ముందు ఏం పూడుస్తున్నావో చూసుకోవయ్యా," అని పట్టా పట్టుకుని లాగాను. పార ఉంటే దాంతో పైపొర పక్కకు తోశాను. దానికి చదువు అక్కర్లేదు, కళ్లుంటే చాలు. కింద ఎర్రగా నూనె తేలుతోంది. నూనెలో ముక్కలు. టెంక చెక్కతో సహా నల్లబడిన మామిడి ముక్కలు, ఉబ్బిన శనగలు, వెల్లుల్లి పాయలు, మెంతులు. ఒక మూల గోంగూర ముద్ద. ఇంకో మూల బెల్లం పాకం కారుతున్న తీపి ఆవకాయ. గుంటకు గుంటే ఒక జాడీ అయిపోయింది. అంత ఉప్పూ కారమూ పోస్తే ఏ వానపాము బతుకుతుంది?

ఆడవాళ్లకు చెప్పేదేముంది? ఎవరి చేతి పచ్చడి వాళ్లకు దూరం నుంచే తెలుస్తుంది.

మొదట నోరు విప్పింది కొట్టాయన భార్య. మామూలుగా ఆవిడ ఆయన పక్కన ఉన్నప్పుడు మాట్లాడదు.

"ఇది మనదేనండీ," అంది.

"ఏది మనది?"

"ఆ శనగలేసింది. పోయినేడాది రెండు జాడీలు మిగిలాయి కదా. తడి చెత్తే కదా అని నేనే పోయించాను."

"నువ్వూరుకో."

"ఊరుకుంటే మనది కాకుండా పోతుందా?"

వెనక నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. తీపి ఆవకాయ మా ఎదురింటిది. ఆవిడ అప్పటికే రెండడుగులు వెనక్కి వేసింది. ఎవరూ కావాలని చేసింది కాదు, అది నాకు తెలుసు. పచ్చడి తినేదే కదా, తినేదంతా ఎరువవుతుంది కదా అనుకున్నారు. సచివాలయం పిల్ల చూపించిన వీడియోలో కూడా పచ్చడి సంగతి లేదు. వీడియో తీసినవాళ్లది మా వైపు కాదేమో. పొరపాటుకు నాకు కోపం లేదు. పొరపాటు చేసిందెవరో తెలియకముందే అది ఎవరి నెత్తిన పెట్టాలో అంతమందికీ తెలిసిపోయింది చూశారూ, దానికి.

ఇప్పుడైనా ఆయన ఆ అమ్మాయితో ఒక్క మాట అంటాడనుకున్నాను. పెద్ద మాట అక్కర్లేదు. "తప్పుగా అన్నానమ్మా" అంటే చాలు. ఆయన రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"సరే, అయిందేదో అయింది. ఇదిగో అమ్మాయ్, మీ వీధి ఆడాళ్లను ఓ నలుగుర్ని పిలుచుకురా. ఇదంతా ఎత్తి బస్తాల్లో పొయ్యండి. కూలి సంఘం ఇస్తుందిలే."

నేను పార కింద పడేశాను.

"ఏమయ్యా! ఇంతసేపూ వాళ్ల చెయ్యి పడి గుంట చెడిందన్నావే. చెడింది ఎత్తటానికి మాత్రం ఆ చేతులే పనికొచ్చినాయా? నీ ఇంటి జాడీ నువ్వు పోసుకున్నావు, కడగటానికి వాళ్లా?"

"పని చేసేవాళ్లకి పని చెప్పటం కూడా తప్పేనా పిన్నిగారూ?"

ఆ అమ్మాయి ముందుకొచ్చింది. గొంతు పెంచలేదు.

"కూలికి ఎత్తనండీ. ఇందులో మా ఇంటి ఉల్లిపొట్టు ఎక్కడుందో చూపించండి, అది ఎత్తుకుంటాను. మిగతాది మీది."

"ఎత్తకపోతే పూడ్పిస్తాను. అంతే."

"పూడ్పించండి. ఆయన పోయినాక తీరిగ్గా తగలబెట్టుకోండి."

అప్పుడు కొట్టాయన భార్య చెప్పులు విడిచింది. చీర ఎత్తి బొడ్లో దోపుకుంది. గట్టు మీద కూర్చుని, మెల్లిగా గుంటలోకి జారింది.

"ఏయ్, ఏంటిది? పైకి రా!"

"రెండు జాడీలు మనవి, తీసేసి వస్తాను. మీరు బస్తా పట్టుకుంటారా, కొట్టుకు పోతారా?"

ఆయన కొట్టుకు పోయాడు. మోటారు సైకిలు చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా అందరం విన్నాం.

ఆవిడ ఒక్కతే వంగి ఎత్తుతుంటే గట్టు మీద నిలబడటం మిగతావాళ్లకు కష్టమైంది. ఒక కోడలు దిగింది. ఆ కోడలి అత్త, కోడలు దిగితే వీధంతా తన గురించి ఏమంటుందోనని తనూ దిగింది. ఎదురింటావిడ ఇంటికి పోయింది, ఇక రాదనుకున్నాను. చేతులకు పాలిథిన్ కవర్లు కట్టుకుని వచ్చింది. కొందరు రానే రాలేదు, తలుపులు వేసుకున్నారు. నడుం పోయినదాన్ని, నేను గట్టు మీద కూర్చుని బస్తాల మూతులు పట్టుకున్నాను.

కాసేపటికే చేతులు మంటెత్తాయి. ఊది ఊది, గాల్లో విదిలిస్తున్నారు. కొట్టాయన భార్య కళ్ల నీళ్లు తుడుచుకోబోయి చెయ్యి కంట్లో పెట్టుకుంది, ఒక్క కేక పెట్టింది. ఆ అమ్మాయి ఇంట్లోకి పోయి గిన్నెతో నూనె తెచ్చింది.

"కళ్లు ముట్టుకోకండమ్మా. ముందు మోచేతులదాకా ఇది రాయండి. మీరు దీన్ని రోజుకొక పూట నాకుతారు, మేం రోజంతా పిసుకుతాం."

"రోజూ ఇట్లానే ఉంటుందా?" అంది ఆవిడ కళ్లు మూసుకునే.

"ఇంతకన్నా ఎక్కువే. ఇందులో నూనె ఉంది, అక్కడ ఉత్త మిరపకాయ."

ఆవిడ నూనె రాసుకుని వంగింది. గుంటలో మెల్లిగా మాటలు మొదలయ్యాయి. "అత్తా, నీ పచ్చడిలో ఇంత ఉప్పుంటే మావయ్యకు బీపీ ఎట్లా తగ్గుద్ది?" అని కోడలు, "నీ చేతి వంట తింటే వచ్చిందే అది" అని అత్త. తీపి ఆవకాయ బయటపడినప్పుడల్లా ఎదురింటావిడ వైపు చూసి అందరూ గొంతు సవరించుకోవటం. బస్తాలు నిండాయి. గుంట అడుగున పచ్చడి అంటని ఎరువు కొంచెం మిగిలింది, నల్లగా, పొడిగా. దాన్ని పక్క గుంటలోకి తోశారు. ఎటూ చేతులు మండుతున్నాయి కదా, ఇది కూడా అయిపోతే పోతుందని, గోడ మూలన ఉన్న కవర్ల కుప్ప మీద పడ్డారు. ముడులు కోసి, తడిది గుంటకు, కవర్లు బస్తాకు. కబురు చేస్తే మున్సిపాలిటీ బండి వచ్చి అన్నీ ఎత్తుకుపోయేసరికి పొద్దు వాలింది. ఆ గోడ అడుగు నేను అప్పుడే చూశాను. అక్కడ నేల ఉందని కూడా మరిచిపోయాను.

గుంటలు పూడ్చలేదు. ట్రాక్టరు మట్టి రాలేదు. ఇప్పుడు కొట్టాయన బకెట్టు కూడా వస్తోంది, ఆవిడే తెస్తుంది. ఆయన మాత్రం కొట్లో కూర్చుని, గుంటలు చెడిపోతే తనే మనుషుల్ని పెట్టి బాగుచేయించానని చెబుతున్నాడట. చెప్పుకోనివ్వండి. నా కడుపు మండేది దానికి కాదు. వెనక వీధివాళ్లు పోశారని ఆ రోజు అంతమంది అన్నారే, వాళ్లలో ఒక్కరంటే ఒక్కరు కూడా ఆ గడపదాకా పోయి, "అన్నాం, తప్పు" అని ఈనాటికీ చెప్పలేదు. చేతులు కడుక్కుని ఎవరి ఇళ్లకు వాళ్లు పోయారు. చెయ్యి మండితే మూడు రోజులు చెప్పుకున్నారు కానీ ఆ మాట ఎవరికీ మండలేదు.

గుంట ఎత్తిన ఆ సాయంత్రమే నేను కాళ్లు కడుక్కుని, కాస్త మజ్జిగ తాగి, మళ్లీ ఆ అమ్మాయి ఇంటికి వెళ్లాను. దీపాలు పెట్టే వేళ. అగ్గిపుల్ల గీసే వేళ కూడా అదే. ఆమె మొగుడు అలవాటు కొద్దీ కిటికీ సందుల్లో తడిగుడ్డలు దోపుతున్నాడు.

"ఇవాళ లేదయ్యా," అన్నాను. "కుప్పే లేదు. తలుపు తియ్యి."

తియ్యలేదు. నా మొహం వంక, గోడ వంక చూశాడు. గుడ్డ కొంచెం పక్కకు జరిపి, సందు దగ్గర ముక్కు పెట్టి, ఒకసారి పీల్చాడు. మళ్లీ పీల్చాడు. తరవాత జేబు తడుముకుని మందు గొట్టం చేతిలోకి తీసుకుని పెళ్లాం వైపు తిరిగాడు.

"ఏమే, నాకు వాసన తెలియటం లేదు. ముక్కు కూడా పోయిందేమోనే," అన్నాడు.

ఆ అమ్మాయి పడీ పడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఒక పూట పొగ రాకపోతే తన ముక్కునే అనుమానించుకునే దాకా తెచ్చారు మనిషిని. నేనే లేచి తలుపు బార్లా తీసి, ఆయనకో కుర్చీ వాకిట్లోకి లాగి వేశాను.